గడి గోడ మీద లేని మాట

జనగామ పక్కన ఆ ఊళ్లో దొర ఉన్నన్నాళ్లూ కట్టుబాట్లు ఎవరూ రాయలేదు. రాసే అవసరమేముంది? పొద్దున్నే దొర నోట ఏది వస్తే అదే తాతలనాటి ఆచారం. మధ్యాహ్నానికి మాట మారిస్తే అది ముత్తాతలనాటిది.

కమ్యూనిస్టుల దళం వచ్చింది. దొర తన కోటలాంటి గడి వదిలి పట్నానికి పారిపోయాడు. ఇక నోటిమాట చెల్లదని ఊరి కమిటీ అందరికీ కనబడేలా గడి గోడ మీద ఎర్రమట్టి జాజుతో కట్టుబాట్లు రాసింది. వెట్టి లేదు. భూమి దున్నేవాడిది. ఊరంతా కూడితే తప్ప అక్షరం మార్చేది లేదు. చదువు రానివాళ్లు కూడా రోజూ వచ్చి గోడను చూసి మురిసిపోయారు.

అందరికంటే ఎక్కువ మురిసింది బుచ్చయ్య. చచ్చిపోయిన అన్న మెట్ట చెలకను వదిన గట్టమ్మ సాగు చేస్తోంది. విత్తేది, కలుపు తీసేది, కోసేది ఆమే. నాగలి మాత్రం మరిది పట్టేవాడు, ఆడది ముడితే వాన పడదు గనక. ఆ నాలుగు సాళ్ల పుణ్యానికి చెలక తనదేనంటూ కమిటీ ముందుకు వచ్చాడు.

ఆ చెలక పోతే గట్టమ్మకు కూలి తప్ప గతి లేదు. కమిటీ పెద్ద శ్రీపాల్‌కు ఆ సంగతి తెలుసు. చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే గోడ చూపించాడు.

"నేనేం జేస్త చెల్లె, రాసింది రాసినట్టే నడవాలె."

దొర కాలంలోనైతే కాళ్లు పట్టుకుంటే మాట మారేదేమో. గోడకు కాళ్లు లేవు.

గట్టమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఆయనకు ఓదార్చే పని దొరికేది. తెల్లారి మొగుడి ఎడ్లను విప్పి, నాగలి కట్టింది.

ఊరు చెలక గట్టుకు పరుగెత్తింది. ఊరికి కరువు తెస్తోందని బుచ్చయ్య గుండెలు బాదుకున్నాడు. పాత ఆచారం కాదనడం మంచిది కాదని శ్రీపాల్ కూడా మెల్లగా అన్నాడు. పాతవన్నీ పోవాలని గోడ మీద రాసింది ఆయనే.

గట్టమ్మ సాలు చివర ఎడ్లను ఆపింది.

"శ్రీపాలన్నా, నాకు చదువు రాదు. ఆడది నాగలి పట్టొద్దని గోడ మీద ఏడ రాసిండ్రో జర చదివి చెప్పు."

బుచ్చయ్య అప్పటికప్పుడు జాజు తెమ్మన్నాడు. మార్చాలంటే ఊరంతా కూడాలని శ్రీపాల్ నీరసంగా గుర్తు చేశాడు. గట్టు మీద ఆడవాళ్లు కొంగులు బిగించి నిలబడి ఉన్నారు. వాళ్లూ ఊళ్లో లెక్కేనని మగవాళ్లకు ఆ పూటే తట్టింది. జాజు రాలేదు.

పడదన్న వాన వారం తిరక్కముందే దంచికొట్టింది. గడి గోడ మీది రాతంతా ఎర్రగా కారిపోయింది. అప్పటికే గట్టమ్మ విత్తనం భూమిలో పడింది.