అడగకుండా వచ్చిన తీగ

గోడౌన్‌లో ఇనుప తీగ చుట్టలు చూసి రెండుసార్లు లెక్కపెట్టాను. మేం అడిగినదానికంటే నాలుగు టన్నులు ఎక్కువున్నాయి.

“రిఫాత్ ఊరికే పంపాడు, విదా!” అన్నాడు నాతో మా అన్నయ్య స్టోయాన్, ముఖం వెలిగిపోతుండగా. “కానుక!”

రిఫాత్‌ది తుర్కియేలో తీగ ఫ్యాక్టరీ. భూకంపానికి వాళ్ల ఊరు కూలినప్పుడు అన్నయ్య లారీ నిండా గుడారాలు వేసుకుని వెళ్లాడు. ఆ ప్రేమ ఇన్నాళ్లకు ఇలా వచ్చి పడింది. కోపెర్ రేవులో అన్నయ్య నాకు మాటైనా చెప్పకుండా సంతకం పెట్టి సరుకు విడిపించుకున్నాడు.

మాది యూరప్‌లో, బ్ర్దా కొండల్లో ద్రాక్ష పందిళ్లకు తీగ అమ్మే చిన్న కొట్టు. యూరప్ బయటి నుంచి ఏడాదికి యాభై టన్నులకు మించి ఇనుము తెచ్చేవాళ్లు ముందే నమోదు చేసుకోవాలి. ఆ ఇనుము తయారీలో ఎంత పొగ వెలువడిందో లెక్క చెప్పి, ఆ పొగకు డబ్బు కట్టాలి. ఆ తలనొప్పి మాకొద్దని జనవరి నుంచి ఆచితూచి తెప్పిస్తున్నాను. ఈ నాలుగు టన్నులతో హద్దు దాటాం. ఈ ఏడాది తెచ్చిన మొదటి చుట్ట నుంచీ కట్టాలి, నమోదు లేనందుకు జరిమానా వేరే. అది పూర్తిగా పడితే కొట్టు మూతే.

“బుద్ధుందా నీకు?”

“కొన్నది కాదు కదే!”

“కానుకైతే బరువుండదా?”

ఈ లెక్కలు చూసే ప్రభుత్వ ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదకే ఒళ్లు మండింది.

“మీ తప్పు లేదని తేలితే జరిమానా తగ్గించొచ్చండీ. సరుకు పంపినాయనకు అభ్యంతరం చెప్తూ ఉత్తరం రాయండి. పొరపాటు తనదేనని దానిమీద ఆయన చేత సంతకం పెట్టించండి. ఆయన ఫ్యాక్టరీ పొగ లెక్క కూడా కావాలి.”

“కానుకిచ్చినవాడికి అలా నేను రాయను. కొట్టు అమ్మేయ్,” అన్నాడు అన్నయ్య.

“అమ్మేసి ఏం తింటావ్, తీగా?”

నేనే రాశాను. ‘మీ నిర్లక్ష్యం వల్ల మేము నష్టపోయాము’ అని ఉందందులో. ఆ నిర్లక్ష్యం అన్న మాట తీసేయమని అన్నయ్య బతిమాలాడు. మెత్తగా రాస్తే ఆఫీసువాళ్లు నమ్మరన్నాను. చివరికి తలొంచుకుని సంతకం పెట్టాడు.

రిఫాత్ మర్నాడే సంతకం చేసి, పొగ లెక్కతో సహా పంపేశాడు. సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేశాడు, స్పీకర్‌లో నేనూ విన్నాను.

“అన్నా, సరిపోయిందా? ఇంకెక్కడైనా నా తప్పని రాయాలా? రాసిస్తా, మొహమాటపడకు.”

ఎత్తిపొడుపైతే బాగుండేది, నేనూ ఓ మాట అనేదాన్ని. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. అన్నయ్య ఫోన్ నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

“ఇంకో చోట కూడా సంతకం పెట్టాలి రిఫాత్ గారూ,” అన్నాను. “రెండో పేజీలో, కింద.”