మడతలో చిక్కిన పసుపు పోగు

నేను ఒక కిల్టును. గళ్ళ పావడా అనేవాళ్ళున్నారు, లుంగీకి కుచ్చిళ్ళు కుట్టారనేవాళ్ళూ ఉన్నారు. బొల్లారంలో మా ఇమ్మానుయేలు మాస్టారు ముందు ఆ మాట అని చూడండి, టీ కూడా ఇవ్వకుండా పంపేస్తాడు. దొరల దేశంలో మగవాళ్ళ కోసం పుట్టిన బట్టనట నేను. నన్ను తొడిగింది మాత్రం ఆడపిల్ల. మనుషులు నియమాలు పెట్టుకున్నంత శ్రద్ధగా వాటిని నిలుపుకోరు. అందుకు నాకేం బాధ లేదు, ఆ పిల్ల నాకు ఇష్టం.

మాస్టారు పటాలంలో బ్యాగ్‌పైప్, అదే గాలిసంచీ సన్నాయి, వాయించేవాడు. బయటికొచ్చాక పెళ్ళిళ్ళకీ చర్చి ఊరేగింపులకీ సొంత బ్యాండు పెట్టుకున్నాడు. పాత రెజిమెంటు కిల్టు కట్టుకుని ముందు నడిచేది ఆయనే. ఊపిరితిత్తులు మొరాయించాక ఆ చోటు కూతురు రూతుకిచ్చాడు. ఆడపిల్ల వెనక నడవాలా అని బ్యాండులో కొందరు గొణిగారు. అంతలో ఊరి బ్యాండులన్నిటికీ పోటీ అన్నారు. నాయకుడు కిల్టు కట్టాలి, దాని గళ్ళు ఏ రెజిమెంటువీ కాకూడదు, సొంతంగా కల్పించినవై ఉండాలి అన్నది నియమం. ఇక్కడ తప్పితే రూతుకి ఆ చోటు దక్కదని ఇంట్లో అందరికీ తెలుసు.

అలా నా పుట్టుక గొడవతో మొదలైంది. ముదురాకుపచ్చ, నీలం తప్ప ఇంకే రంగూ ఉండకూడదని మాస్టారు, ఎరుపు లేకపోతే దూరానికి ఆనదని రూతు పట్టు పట్టారు. వంటింట్లోంచి వింటున్న నాగరత్నం, అంటే రూతు వాళ్ళమ్మ, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక అట్టముక్క మీద దారాలు చుట్టడం మొదలెట్టింది. ఆకుపచ్చ వెడల్పుగా, పక్కన నీలం, సన్నగా ఎరుపు. ఒక చోటు దాకా పోయి మళ్ళీ అదే వరసలో వెనక్కి రావాలి, నిలువునా అడ్డానా ఒకే వరస ఉండాలి, అప్పుడే గళ్ళు కుదురుతాయని చెప్పింది. ఆ మనిషికి ఈ విద్య వచ్చని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తే లేదు. వరస వెనక్కి తిరిగే చోట, ఆకుపచ్చ నడుమ, ఒక్క పసుపు దారం చుట్టి ఆగింది.

పసుపెందుకని రూతు అడిగితే అప్పుడు చెప్పింది. నాగరత్నం పుట్టిల్లు వేటపాలెంలో చేనేత ఇల్లు. తమ సొంత బట్టకి, తమ ఇంటి మనుషులు కట్టే బట్టకి, అంచులో ఒక పసుపు పోగు వేస్తారు. అది ఆ ఇంటి గుర్తు. బయటివాళ్ళు చెప్పి నేయించుకునే బట్టకి వెయ్యరు. ఒక పెళ్ళి ఊరేగింపులో బ్యాగ్‌పైప్ వాయించడానికొచ్చిన ఇమ్మానుయేలు వెంట ఆమె వచ్చేసిన రోజు నుంచి అన్న కోటిలింగం మాట్లాడలేదు. ఆడపిల్లకి బిడ్డ పుడితే ఆ ఇంటి నుంచి పసుపు పోగు వేసిన చిన్న గుడ్డ వెళ్ళాలి. రూతు పుట్టినప్పుడు కబురు వెళ్ళింది. గుడ్డ రాలేదు.

"నేతకి మా అన్నయ్యకే ఇవ్వు," అంది నాగరత్నం. "పసుపు వెయ్యమని నోటితో అడక్కు. వేస్తే నేనింకా ఆ ఇంటిదాన్నని. వెయ్యకపోతే అదీ తెలిసిపోతుంది."

ఎప్పటిలా అంచులో కాకుండా నడుమ ఎందుకు చుట్టిందంటే, అందరికీ కనపడాలని. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నది ఒక్కసారి వీధిలో నడవాలని ఆమె ఆశ.

రూతు అట్ట పట్టుకుని వేటపాలెం వెళ్ళింది. కోటిలింగం మగ్గం గుంటలోంచి లేవకుండానే అట్ట అందుకున్నాడు. వేలు అన్ని రంగుల మీదా నడిచి పసుపు దగ్గర ఆగిపోయింది.

"ఇదెవురు చుట్టారు?"

"మా అమ్మ."

పేరు అడగలేదు. అట్టని తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. దారం కొస దోపిన తీరు తమ ఇంటి తీరే.

"బయటోళ్ళ బట్టకి మా పోగు వెయ్యనమ్మా," అన్నాడు చివరికి. "మిగతాది నేసిస్తా."

"మంచిది మామయ్యా," అంది రూతు. ఆ పిలుపు ఆమె అనుకుని అన్నది కాదు, నోట్లోంచి జారింది. ఆయన తల ఎత్తలేదు. వెయ్యనన్న మాట రూతు ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు.

ఇక్కడి నుంచి నాకు స్వయంగా తెలుసు, ఎందుకంటే నేను పుడుతున్నాను. కోటిలింగం ఆసు మీద నా పడుగు, అంటే నిలువు పోగులు, పోశాడు. అట్టలో ఉన్నట్టే అన్నీ, పసుపు తప్ప. దాని చోట ఆకుపచ్చే పోశాడు. ఒడ్డుకి, అంటే అంచుకి, వచ్చేసరికి ఆగిపోయాడు. లేచి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో పసుపు దారం చుట్టిన కండె ఉంది.

"ఇంటి పోగుకి చోటు ఒడ్డున. నడుమ కాదు," అన్నాడు. గదిలో ఎవరూ లేరు. నాతో అన్నాడనే అనుకుంటున్నాను.

రెండు అంచుల్లోనూ వేశాడు. నాకు గర్వంతో ఒళ్ళు బిగిసింది. నేనొక కబురుని, నన్ను విప్పి చూడగానే ఆ తల్లికి అందుతుంది అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. పోటీ తరుముకొస్తోందని నన్ను బస్సు పార్శిల్లో తిన్నగా సికింద్రాబాదులో టైలరుకి పంపారు.

ఘనీ సాబ్ షేర్వానీలు కుట్టడంలో గట్టివాడు, కిల్టు ఎన్నడూ కుట్టలేదు. మాదిరికి మాస్టారి పాత కిల్టు ఇచ్చారు. మా జాతికి కింద మడత ఉండదు, నేతలో వచ్చిన అంచే అంచు. ఘనీ సాబ్ పాతదాన్ని అటూ ఇటూ తిప్పి నాలుక చప్పరించాడు. పాపం, దానికి కింద మడత ఊడిపోయింది, ఇన్నేళ్ళు ఎవరూ చూసుకోలేదు అనుకున్నాడు. దయ కలిగింది ఆయనకి. ఆ దయతోనే నా కింది అంచుని లోపలికి రెండుసార్లు మడిచి, ఊడకుండా సన్నని కుట్టు వేశాడు. పై అంచు నడుం పట్టీలోకి పోయింది. పసుపు పోగు రెండు చోట్లా చీకట్లో పడింది. నాకు నోరుంటే ఆ దుకాణం దద్దరిల్లేది.

"కింద గట్టిగ కుట్టిన మాస్టర్, ఇగ ఊడది," అన్నాడు నన్ను అప్పగిస్తూ. కుచ్చిళ్ళ సంగతి అనుకుని మాస్టారు తలూపాడు.

ఇంట్లో నన్ను మంచం మీద పరిచారు. నాగరత్నం కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఆకుపచ్చ నడుమ వేలు పెట్టి వెతికింది. ఒక గడి, పక్క గడి, మళ్ళీ మొదటిది. కింద, కింద చూడమ్మా అని నేను ఎంత కొట్టుకున్నా బట్ట బట్టే కదా. కళ్ళజోడు తీసేసింది.

"బాగా నేశాడు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రూతుకి ఒళ్ళు మండింది. నన్ను తొడగనంది. వేరే దారి లేదని మాస్టారు బతిమాలాడు. నాగరత్నం మాత్రం, గుడ్డ మీద కోపమెందుకు, కట్టుకో అని లోపలి నుంచే అంది. ఆ తర్వాత ఆమె నా వైపు చూడలేదు. నన్ను ఇస్త్రీ కూడా రూతే చేసుకుంది, పోటీ రోజు దాకా తొడిగి మాత్రం చూసుకోలేదు.

పోటీ రోజు పరేడు మైదానంలో ముందు దుస్తులు తనిఖీ చేశారు. రిటైరైన సుబేదారు ఒకాయన వంగి చూసి ముఖం చిట్లించాడు. కిల్టు మోకాలి చిప్ప నడుమకి రావాలి, నేను బాగా పైన ఆగిపోయాను. మడత మింగింది మరి. కిల్టుకి మడతేమిటి, మీ వంతు వచ్చేలోగా సరిచేస్తే సరి, లేకపోతే బ్యాండు మొత్తం వెనక్కి అన్నాడాయన. మా కంటే ముందున్న బ్యాండు అప్పటికే మైదానంలోకి అడుగేసింది. గొణిగేవాళ్ళు రూతు వంక చూశారు. మాస్టారు ఆయాసం వచ్చి కూలబడ్డాడు. రూతు పెదవి కొరుక్కుని నిలబడిపోయింది.

ప్రేక్షకుల్లోంచి నాగరత్నం తోసుకుంటూ వచ్చింది. డ్రమ్ము వాయించేవాడి దగ్గర బ్లేడు తీసుకుని కూతురి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూచుంది. ఘనీ సాబ్ మాట నిలబెట్టుకున్నాడు, కుట్టు ఒక పట్టాన ఊడలేదు. బ్లేడు ఒక్కసారి పక్కకి జారితే నేను చీలిపోతాను. అవతల బ్యాండు చివరి పాట అందుకుంది. నేను ఊపిరి బిగపట్టాను. మొదటి కుట్టు తెగింది, రెండోది, ఆపైన కొంత మడత కిందికి జారింది.

నాగరత్నం చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, ఆపకు. మన పేరు పిలుస్తరు."

"వేశాడే," అంది నాగరత్నం.

"ఏంది?"

"మా అన్నయ్య పోగు వేశాడే. ఒడ్డున వేశాడు. ఇంటి బట్టకి వేసినట్టే వేశాడు."

ఆ తర్వాత ఆమెకి కళ్ళు కనపడలేదు. ఏడుస్తూ బ్లేడు ఆడించడం ప్రమాదమని మాస్టారు లేచొచ్చి తీసుకున్నాడు. గొణిగినవాళ్ళే చుట్టూ చేరి నా అంచుని లాగి పట్టుకున్నారు. మా పేరు పిలిచేసరికి చివరి కుట్టు తెగింది. సుబేదారు మోకాలు చూసి తలూపాడు. రూతు బ్యాగ్‌పైప్ సంచీలోకి గాలి ఊది అడుగు వేసింది. నా మడతలు విచ్చుకుంటూ మూసుకుంటూ ఉంటే పసుపు ఆమె మోకాళ్ళ చుట్టూ తిరిగింది. తాళం ఎక్కడా తప్పలేదు. బహుమతి వేరేవాళ్ళకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎవరూ చెప్పకుండానే బ్యాండంతా రూతు వెనకే నడిచింది.

ఆ వారంలోనే నాగరత్నం నన్ను సంచీలో పెట్టుకుని వేటపాలెం వెళ్ళింది. అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి భయపడి ఇద్దరూ నన్నే చూశారు. కోటిలింగం నా అంచు వెంట వేలు పోనిచ్చాడు. సూది రంధ్రాలు తగిలాయి.

"మడిచి కుట్టారా దీన్ని?"

"టైలరు కుట్టాడు. నాకు కనపడలేదు అన్నయ్యా. వెయ్యలేదనుకున్నా."

ఆయన లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఒక చిన్న గుడ్డ తెచ్చి నా మీద పెట్టాడు. పసిపిల్లకి చుట్టేంత గుడ్డ. మడతల దగ్గర రంగు మారింది. అంచున పసుపు పోగు.

"కబురొచ్చినప్పుడే నేశా. పంపలేకపోయా," అన్నాడు. నాగరత్నం ఆ గుడ్డని ముఖానికి అదుముకుని అక్కడే కూచుండిపోయింది.

ఇప్పుడు ఆ గుడ్డా నేనూ బొల్లారంలో ఒకే పెట్టెలో ఉంటున్నాం. వయసులో అది నాకంటే పెద్దది. అయినా ఎండ ఎలా ఉంటుంది, రోడ్డు ఎలా ఉంటుంది అని నన్నే అడుగుతుంది. నా అంచున ఉన్న సూది రంధ్రాలు చూసి జాలిపడుతుంది కూడా. అవి ఎన్ని ఉతుకులకీ పూడలేదు. నాకు దాన్ని చూస్తేనే దిగులు. నేను మడతలో ఉన్నది కొద్ది రోజులే. అదేమో, తనను చుట్టుకోవలసిన పిల్ల పెరిగి పెద్దదై, బ్యాండుకి ముందు నడిచేదాకా మడతలోనే ఉండిపోయింది.