బొటనవేలికి తాడు

బీదర్ పక్క నౌబాద్‌లో మధ్యాహ్నం కరెంటు పోతే ఇల్లు పెనమైపోతుంది. యశోద వంటింటి గడప దగ్గర బండల మీద నీళ్లు చల్లి, ఆ తడి ఆరకముందే చాప పరుచుకొని ఒరుగుతుంది. తలపైన కప్పు కొక్కేనికి పాత చీరెతో కట్టిన తొట్టెల. తొట్టెలకు ఒక తాడు, తాడు కొసకు ఉచ్చు, ఆ ఉచ్చు ఆమె కుడికాలి బొటనవేలికి. కాలు కదిపితే తొట్టెల ఊగుతుంది. తొట్టెలలో పాప కదిలితే తాడు వేలిని గుంజుతుంది. యశోదకు కావలసింది ఆ రెండోదే. పాప పుట్టిన కొత్తలో ఊపిరి ఆడుతోందా లేదా అని గడియకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఈ తాడు కట్టుకున్నాకే కాస్త నిద్ర పట్టడం మొదలైంది.

"పిల్లకు తొట్టెల కట్టినవా, నిన్ను నువ్వు కట్టేసుకున్నవా?" అని అత్త పుష్పమ్మ నవ్వుతుంది.

ఆ రోజు మాత్రం తాడు ఉన్నా నిద్ర రాలేదు. పొద్దున చెల్లెలు కావేరి ఫోన్‌లో అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

"అక్కా, రేపు పగటిపూట మా మేడం నీకు ఫోన్ చేస్తది. మూడో సంవత్సరమోళ్లను పడవ మీద సముద్రంలకు తీస్కపోతున్నరు. రెండు రాత్రులు నీళ్ల మీదనే. ఇంటోళ్లు సరే అంటేనే ఎక్కిస్తరు. జర సరే అనవే."

"అనకపోతే?"

"అనకపోతే ఏముంది? ఒడ్డు మీద కూసొని, తోటోళ్లు తెచ్చిన నీళ్ల సీసలు కడుగుత."

కావేరి కార్వార్‌లో డిగ్రీ చదువుతోంది. సముద్రం చదువు. ఇంటోళ్లు అంటే ఇప్పుడు యశోదే. అమ్మ ఎప్పుడో పోయింది. బాపు పోయి మూడేండ్లు. ఆ పిల్లకు సరే అన్నా, వద్దన్నా అక్కే.

యశోద సముద్రం చూడలేదు. సంతపూర్ బడిలో గోడ మీద దేశపటం ఉండేది. దాని నీలంరంగు ఎండకు వెలిసి తెల్లబడింది. పదో తరగతితో ఆ బడి వదిలేసింది గనక ఆమెకు సముద్రమంటే ఇప్పటికీ ఆ వెలిసిన పటమే. కానీ ఆమె భయం ఆ పటం గురించి కాదు. నీళ్లలోకి దిగిన మనిషి గురించి. నీళ్లు మనిషిని ముంచుతాయని అందరికీ తెలుసు. ముంచకుండానే ఉంచేసుకుంటాయని యశోదకు తెలుసు.

వాళ్ల బాపు సిద్దయ్య బాయిలలో పూడిక తీసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే ఔరాద్ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయనవే. బురద గంపలు పైకి వచ్చే మోకు వేరు, ఆయన నడుముకు కట్టుకునే సన్నతాడు వేరు. ఆ సన్నతాడును వాళ్ల ఇంట్లో ముచ్చట తాడు అనేవాళ్లు. పైనుంచి ఒకసారి గుంజితే, ఎట్లున్నవని. కిందినుంచి ఒకసారి గుంజితే, మంచిగున్నానని. రెండుసార్లు గుంజితే పైకి తీయమని. బాయి ఎంత లోతైనా, పని ఎంత పెద్దదైనా, ముచ్చట తాడు కూలివాళ్ల చేతికిచ్చేవాడు కాదు. "అది ఇంటి మనిషే పట్టాలె. కూలోనికి మోకు సాలు" అనేవాడు. అమ్మ పోయాక ఆ తాడు యశోద చేతికి వచ్చింది.

నౌబాద్ సురంగ బాయిలో పూడిక తీసేటప్పుడు ఆయన అందులో పనికి కుదిరాడు. నేల కింద వాగులా సాగే సొరంగం, పైన అక్కడక్కడా గుంతలు. ఎర్రరాతి గుంత ఒడ్డున యశోద కూర్చుంది, పక్కన చిన్న కావేరి. కిందినుంచి జవాబు వస్తోంది, వస్తోంది. తర్వాత రాలేదు. యశోద మళ్లీ గుంజింది. తాడు మెత్తగా వచ్చి ఆగింది, అవతల చెట్టుకు కట్టినట్టు. ఆమె అరిచిన అరుపుకు పని చేసేవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు దిగి చూస్తే సిద్దయ్య గోడకు ఆనుకొని, మోకాలి లోతు నీళ్లలో కాళ్లు చాపుకొని కూర్చున్నాడట. దెబ్బ లేదు, రోగం లేదు.

పైకి వచ్చాక బిడ్డలిద్దరి తలల మీద చేతులు పెట్టి, సిగ్గుపడుతూ చెప్పాడు. "పైన నిప్పులు కురుస్తున్నయా, రెండు నిలువులు దిగంగనే తలుపు తీసినట్టు సలువ. ఆ తలుపు దాటినంక నీళ్ల సప్పుడు ఇనుకుంట కూసున్న. నాకు ఇల్లున్నదని, బిడ్డలున్నరని యాదికే రాలె."

అందరూ నవ్వారు. యశోద ఒక్కతే నవ్వలేదు. ఇప్పటికీ నవ్వు రాదు.

సాయంత్రం పుష్పమ్మ శనగలు ఏరుతూ అంది. "రేపు సంబంధమొస్తే పిల్ల ఏం సదివిందంటే ఏమని చెప్పాలె? ఉప్పునీళ్లు సదివిందనాల్నా?"

"డిగ్రీ అని చెప్పుదాం అత్తా."

"గా నీళ్లేందో మన మాంజ్రా నదిల లేవా? బీదర్ల పుట్టినోళ్లకు నెలకిన్ని దినాలు నల్లా నీళ్లే రావు, ఈమెకు సముద్రం గావాల్నట." కొంచెం ఆగి, చేట పక్కన పెట్టింది. "సక్కగ సరే అను. పడవెక్కకుంటె పిల్ల మొకం మాడ్చుకొని సెలవులకు ఈడికే వస్తది. ఆ మొకం నేను సూడలేను."

చీకటి పడకముందే కావేరి వీడియో కాల్ చేసింది. వెనుక పొడుగు బల్లలు, గాజు గొట్టాలు. చేతిలో ఇత్తడి గుండు ఒకటి, నిమ్మకాయంత.

"అక్కా, ఇది సూడు. దీన్ని మెసెంజర్ అంటరు."

"నేను వద్దంటున్ననే కావేరీ." యశోద ఆ గుండు వైపు చూడకుండానే అనేసింది. "ఒడ్డు మీద ఉండి సదువు. నీళ్లలకు పోవుడు వద్దు."

అవతల ఎవరో కుళాయి కట్టిన చప్పుడు.

"బాపు యాదికొచ్చిండా?" అంది కావేరి.

యశోద తొట్టెల వైపు చూసింది.

"జర ఇను. రెండు దిక్కుల నోరున్న సీస ఉంటది. దాన్ని తాడుకు కట్టి కిందికి ఇడుస్తరు. అనుకున్న లోతుకు పోయినంక, ఈ గుండును తాడు ఎంబడి జారవిడుస్తరు. ఇది పొయ్యి సీసకు తగిలితే మూతలు పడ్తయి. ఆ లోతుల నీళ్లు ఆ లోతులనే దొరుకుతయి. తగిలిందో లేదో మనకెట్ల తెలుస్తది సెప్పు?"

"నాకెట్ల తెలుస్తదే."

"నీకే తెలుస్తది. తాడు మీద చెయ్యి పెట్టుకొని నిలవడాలె. గుండు తగిలితే చేతికి టక్కుమని వస్తది. వచ్చినంకనే పైకి గుంజాలె. ఒడ్డు కాడ జెట్టీ మీద మొదటిసారి నా చేతికి వచ్చిన్నాడు, అక్కా, నేను ఏడ్చిన. తోటోళ్లు కన్నుల ఉప్పునీళ్లు పడ్డయేమో అనుకున్నరు." నవ్వింది. "సముద్రంల గూడ బాపు సెప్పిన తలుపు ఉన్నదట. ఒక లోతు దాటితే వేడి ఒక్కసారే తగ్గుతది. మేం దాన్ని ఎతకనీకే పోతున్నం."

"ఆ తలుపు దాటినోళ్లకు ఇల్లు యాదికుండదే!"

"నేను దాటనక్కా! నేను పైన ఉంట. దిగేది సీస. నేను తాడు పట్టుకునేదాన్ని." కావేరి గుండును బల్ల మీద పెట్టింది. "ఆ సురంగ బాయి కాడ నీ పక్కన కూసొని ఎన్నిసార్లు అడిగిన, ఒక్కసారన్న నా చేతికిచ్చినవా తాడు? చిన్నదానివి, నీకు రాదు అన్నవ్. ఇప్పుడు వచ్చినంక గూడ వద్దంటున్నవ్."

ఇన్నాళ్లూ యశోద తలపులో కావేరి గుంతలోకి దిగుతూనే ఉంది, చిన్న గౌనుతో, నడుముకు తాడుతో. ఒడ్డున కూర్చున్న కావేరిని ఆమె ఎన్నడూ ఊహించలేదు.

"మరి నిన్నెవరు పట్టుకుంటరే?" అంది చివరికి, చిన్నగా.

పాప లేచి ఏడ్చింది. ఎత్తుకునేసరికి ఫోన్ కట్ అయింది.

మరునాడు మధ్యాహ్నం మళ్లీ కరెంటు లేదు. బండల మీది నీళ్ల తడి వీపుకు తగిలి యశోద కళ్లు బరువెక్కాయి. పైన ఎయిర్‌ఫోర్స్ విమానమొకటి గుండ్రంగా తిరుగుతూ రొద పెడుతోంది. ఆ రొద పడవ రొద అయింది. బడి గోడ మీది వెలిసిన పటం మెల్లగా తడిసి నీలం తిరిగింది. నీలం గది నిండా పారింది, చాప తేలింది, తొట్టెల తేలింది, పుష్పమ్మ చేటలోని శనగలు ఒక్కొక్కటే తేలుతూ గడప దాటిపోయాయి. యశోదకు భయం వేయలేదు. కింద ఎక్కడో ఒక తలుపు తెరుచుకొని సలువ పైకి వచ్చింది. ఆ గడప మీద బాపు కూర్చున్నాడు, కాళ్లు చాపుకొని, నీళ్ల సప్పుడు వింటూ. పైన, చాలా పైన, వెలుతురులో ఒక పిల్ల చెయ్యి తాడు మీద ఉంది. బాపు ఆ చేతిని చూసి, తాడును ఒకసారి గుంజాడు.

ఫోన్ మోగుతోంది.

"నమస్కార, యశోద అవ్రా?" మేడం గొంతు కన్నడంలో మెత్తగా ఉంది.

యశోద బడిలో నేర్చుకున్న కన్నడాన్ని గబగబా పోగేసుకుంది. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నారు. రాత్రి ఆడపిల్లల దగ్గర ఎవరుంటారని అడిగింది. నేనే ఉంటానన్నారు. ఆ పిల్లకు చల్లగాలి పడదు, మఫ్లర్ కట్టుకోమనండి అంది. మేడం నవ్వారు. ఇంకేమైనా ఉందా అన్నారు.

"నీళ్ల సీసా దింపేటప్పుడు ఆ తాడు మా కావేరి చేతికిస్తారు కదా?"

మేడంకు ఆ ప్రశ్న అర్థమయిందో లేదో. అందరికీ వంతు వస్తుందమ్మా, ఆమెకూ ఇస్తాం అన్నారు.

యశోద కళ్లు మూసుకుంది.

"హోగలి మేడం," అంది. "పోనీ" అని తెలుగులో మళ్లీ అంది, తనకు తాను వినిపించుకోడానికి.

పడవ బయలుదేరిన పొద్దున కావేరి ఒక్క ఫోటో పంపింది. నారింజరంగు జాకెట్, మెడకు మఫ్లర్, నోరంతా నవ్వు. తర్వాత ఫోన్ కలవలేదు. కలవదని ముందే చెప్పింది. అయినా యశోద పొయ్యి ముందు నిలబడి చేసింది, పాపకు నీళ్లు పోసి చేసింది, పాలు పొంగి పొర్లుతుంటే చేసింది. పుష్పమ్మ వచ్చి ఫోన్ లాక్కొని బియ్యం డబ్బా మీద పెట్టింది. "నువ్వట్ల చేస్తనే ఉంటె గా సముద్రంల చేపలు ఎత్తుతయా? జర పండుకో పో."

పడుకుంది. తొట్టెల తాడు ఉచ్చు బొటనవేలికి వేసుకుంది. ఇంట్లో ఎండ గడప దాకా వచ్చి ఆగింది. విమానం రొద దూరమైంది. ఈ వేళకు ఎక్కడో నీళ్ల మీద ఇత్తడి గుండు తాడు వెంట జారుతూ ఉంటుంది, మెల్లగా, వెలుతురులోంచి నీలంలోకి, నీలంలోంచి ఇంకా కిందికి. కావేరి అరచెయ్యి తాడు మీద ఉంటుంది. ఇంకో పని పెట్టుకోకుండా, పక్కవాళ్లతో ముచ్చటాడకుండా ఎదురుచూస్తూ ఉంటుంది. అట్లా కూర్చోవడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. అక్క పక్కన కూర్చొని చూసింది, అంతే.

నిద్రకు ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు ఉండగా తాడు వేలిని గుంజింది.

యశోద కళ్లు తెరవలేదు. రెండోది వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూసింది. రాలేదు. తొట్టెలలో పాప ఒత్తిగిల్లి, నోట్లో వేలు పెట్టుకొని చప్పరిస్తున్న చప్పుడు వినిపించింది.

ఒక్కసారే. మంచిగున్న.

ఆమె కూడా బొటనవేలితో తాడును ఒకసారి మెల్లగా గుంజింది. తొట్టెల కొంచెం ఊగింది, ఆగింది.