అలవాటుగా నొక్కిన సరే

"ఇటివ్వు" అనే మాట మా ఇంట్లో రోజుకి పదిసార్లైనా వినిపిస్తుంది. ఫోనులో ఏదో వెతుక్కుంటూ ఉంటాను, "ఇటివ్వు, నేను చూస్తా" అంటారు మా ఆయన. స్విచ్ బోర్డు మూత విప్పుతుంటాను, "ఇటివ్వు, నీవల్ల కాదు." మౌసు పట్టుకుంటే ఇక చెప్పనే అక్కర్లేదు, మాట కంటే ముందు చెయ్యి వచ్చేస్తుంది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో గిన్నెలు తోముతున్నప్పుడు మాత్రం ఒక్కసారంటే ఒక్కసారి నేనా మాట వినలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం సింకు ముందు నిలబడి మాడిన మూకుడు గీకుతూ సరిగ్గా ఇదే అనుకుంటున్నాను.

"అమ్మాయ్, ఆ గిన్నెలు ఎక్కడికీ పారిపోవుగానీ, నువ్విట్రా ఓసారి," అని అత్తయ్య పిలిచారు.

అత్తయ్యకి డెబ్బై ఒకటి. మా ఆయన పనికిరాదని అటకెక్కించిన లాప్‌టాప్‌ని నేను దించి, దుమ్ము దులిపి, అందులో విండోస్ బదులు పాత మెషీన్ల మీదా నడిచే లినక్స్ ఎక్కించి, తెర మీది మాటలన్నీ తెలుగులో కనబడేట్టు పెట్టి ఆవిడ చేతికిచ్చి మూడు నెలలైంది. ఇప్పుడు ఆవిడ అందులో పేకాట ఆడతారు, చెల్లెలికి ఉత్తరాలు రాస్తారు, ఆ చెల్లెలి మీద కోపమొచ్చినప్పుడు రాసిన ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసి ఆనందిస్తారు. వారం కిందట నా కంప్యూటర్ చూశారు. నా దాంట్లో విండోని పట్టుకుని లాగితే తీగ మీద ఆరేసిన దుప్పటిలా ఊగుతుంది, వదిలేస్తే రెండుసార్లు అటూ ఇటూ అని కుదురుకుంటుంది. అది చూసి ఆవిడ నోరు తెరిచి, "నాకూ కావాలి" అన్నారు. ఈ ఇంట్లో ఆవిడ తనకంటూ ఏదైనా కావాలనడం నేను వినడం అదే మొదలు.

"ఈ వయసులో ఎందుకమ్మా నీకీ సోకులు? వాటివల్ల ఉపయోగమేంటి?" అన్నారు మా ఆయన ఆ పొద్దున టీ తాగుతూ. ఆయన స్నేహితుడింటికి బయల్దేరి, గేటు చప్పుడయ్యాక అత్తయ్య అన్నారు. "పుట్టిన దగ్గర్నుంచీ ఉపయోగపడే పనులే చేశానే నేను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఉపయోగం లేనిది చేసుకుంటాను. పెట్టు."

"నేను పెట్టను. మీరే పెట్టుకోండి. నేను పక్కన కూర్చుని చెప్తాను," అన్నాను.

"నాకేం వచ్చే తల్లీ?"

"వస్తుంది. నేను మాత్రం మౌసు ముట్టను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. నా రూలు అది."

ఆ రూలు నాకు ఆఫీసు నేర్పింది. మాది సరుకు రవాణా కంపెనీ. నా ఉద్యోగం పేరు డేటా ఎంట్రీ. లారీల రాకపోకలు ఎక్కించడం నా పని. ఐదేళ్ళ కిందట పాత కంప్యూటర్లన్నిటికీ లినక్స్ పెట్టాలన్నారు. అది చూసుకునే మనిషి నెల తిరక్కుండా మానేశాడు. అప్పట్నుంచి ముప్పై రెండు మెషీన్లూ నా నెత్తిన పడ్డాయి. "మేడమ్, కాస్త చూడరూ" అంటారు. ఆ 'కాస్త' వినబడిందంటే నా మధ్యాహ్నం పోయినట్టే. ప్రింటర్ కాస్త, పాస్‌వర్డ్ కాస్త, సర్వర్ కాస్త. నా కంటిచూపు కూడా కాస్త కాస్త చొప్పున వాళ్ళకే ఇచ్చేశాను. ఎవరి మౌసైనా లాక్కుని బాగుచేసి ఇస్తే మర్నాడు అదే గోలతో మళ్ళీ వస్తారని తెలిశాక, చేతులు కట్టుకుని, వాళ్ళ చేతే చేయించడం మొదలుపెట్టాను. అలా చేయించిన ప్రతిదీ రాసిపెట్టుకున్న నోటుపుస్తకాలు నాలుగున్నాయి. ఇన్నేళ్ళకి ఆ పనికి ఒక పోస్టు వచ్చింది, సిస్టమ్స్ ఇన్‌ఛార్జి అని, ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని. శుక్రవారం మేనేజరు నన్ను గదిలోకి పిలిస్తే, పిచ్చిదాన్ని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని మరీ వెళ్ళాను. "మా బంధువుల తాలూకు కుర్రాడొకడు ఉన్నాడండీ, వాణ్ణి అనుకుంటున్నాం. మీరు ఆ నోట్సవీ ఇచ్చి వాడికి అన్నీ నేర్పించి అప్పజెప్పండి. మీకు ఇల్లూ వాకిలీ ఉన్నాయి, ఈ తలనొప్పి ఎందుకు? సరేనా?" అన్నాడు. నేను సరే సార్ అన్నాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "మంచిదే అయింది. ఇన్‌ఛార్జి అంటే సెలవురోజుల్లో కూడా పిలుస్తారు, ఇల్లెవరు చూస్తారు? ఆ అప్లికేషనూ గట్రా ఏం పెట్టకు, సరేనా?" అన్నారు. ఆయనకీ సరే అన్నాను. ఆ దరఖాస్తుకి ఈ ఆదివారం సాయంత్రం ఆరింటితో గడువు అయిపోతుంది. పొద్దున్నుంచీ గడియారం వంక చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను, ప్రతి పావుగంటకీ చూస్తున్నాను.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నల్ల తెర తెరిపించి, విండోల్ని ఊపే ఎఫెక్టుల ప్రోగ్రాము తెచ్చుకునే ఆదేశాన్ని ఒక్కో అక్షరమే చెప్పాను, ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టారు. తర్వాత పాస్‌వర్డ్ అడిగింది. కొట్టారు. తెర మీద ఏమీ పడలేదు, చుక్క కూడా. మళ్ళీ కొట్టారు. మీటలు గట్టిగా నొక్కి కొట్టారు.

"పడట్లేదే. చెడిపోయింది."

"కనబడదంతే అత్తయ్యా. మీరు కొట్టేదంతా లోపల పడుతూనే ఉంటుంది."

"మన ఇంటి చాకిరీలాగా అన్నమాట. చేస్తూనే ఉంటాం, ఎవరికీ కనబడదు."

"ఇది నయం. ఇదైతే లెక్కలోకి తీసుకుంటుంది," అన్నాను. ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. కాపురానికొచ్చిన కొత్తలో ఈవిడే నాతో, "కంప్యూటర్ మిషను ముందు కూర్చుంటే ఇల్లు గడవదమ్మా" అన్నారు. అది నేను మర్చిపోలేదు. మర్చిపోలేదని ఆవిడకీ తెలుసు. అయినా ఆ మాట మా మధ్య ఇప్పుడు పెద్దగా గుచ్చుకోవడం లేదు, అరిగిపోయిన చీపురుపుల్లలాగా.

ప్రోగ్రాము దిగింది. దాని సెట్టింగుల్లో బోలెడన్ని గళ్ళు, ఒక్కో గడి పక్కన ఒక్కో ఎఫెక్టు పేరు. "కావలసిన గడిలో టిక్కు పెట్టడమే, 'ఊగే విండోలు' అని ఉంటుంది చూడండి," అని చెప్తుండగానే వంటింట్లోంచి కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. పరిగెత్తాను. స్టవ్వు ఆర్పి, గిన్నె దించి, చెయ్యి కాల్చుకుని, కుళాయి కింద పెట్టుకుని వచ్చేసరికి అత్తయ్య ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మాయ్, కొంప మునిగిందే!"

తెర మీద విండోలన్నిటికీ తలలు పోయాయి. పైన పేరుండే పట్టీ లేదు, మూసే గుర్తు లేదు, పట్టుకుని లాగడానికి చోటు లేదు. మొండేల్లా పడి ఉన్నాయి.

"పాడు చేశాను కదూ? వాడొచ్చాడంటే నీకివన్నీ ఎందుకని ముందే చెప్పానంటాడు," అన్నారు ఆవిడ మౌసుని గట్టిగా పట్టుకుని. నాకేమో కంగారు, కాలిన చేతి మంట, గోడ మీద నాలుగున్నర. "ఇటివ్వండి," అన్నాను. అనేశాను! మాట కంటే ముందు చెయ్యి వెళ్ళిపోయింది. అత్తయ్య చెయ్యి మౌసు మీంచి చటుక్కున వెనక్కి పోయి ఒళ్ళో ముడుచుకుంది. ఏళ్ళుగా నా చెయ్యి ఎలా వెనక్కి పోతుందో అచ్చంగా అలాగే. నాకు సిగ్గేసింది. నా మీద నాకు ఒళ్ళు మండింది.

"కాదు. తప్పైంది అత్తయ్యా. మీరే చెయ్యండి," అని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. "ఏం నొక్కారో చెప్పండి."

"టిక్కు పెడితే ఏదో ప్రశ్న అడిగింది. ఇది పెడితే అది తీసేస్తాను, సరేనా అని. సరే అన్నాను. ఇంకోటి పెట్టి చూశాను, మళ్ళీ ఏదో అడిగింది. సరే అన్నాను. అలా నాలుగైదు అడిగింది."

"చదివారా అవి?"

"చదవలేదే. అడిగినవన్నిటికీ సరే కొట్టేశాను. అలవాటు. పుట్టింట్లో నాన్న అడిగినా, ఇక్కడ మీ మామయ్య అడిగినా, ఏం అడుగుతున్నారో పూర్తిగా వినకముందే సరే అనేదాన్ని. వినడం అనవసరమనిపించేది, ఎలాగూ ఆ మాటే అనాలి కదా. ఇదీ అడిగింది, అనేశాను."

శుక్రవారం మేనేజరు చెప్పిన దాంట్లో నేను విన్నదెంత? 'నేర్పించి అప్పజెప్పండి' అన్నచోటే నా చెవులు మూసుకుపోయాయి, నోరు మాత్రం తెరుచుకుంది. ఐదేళ్ళ నా పనికి వేరే తల తగిలించుకుంటామని నన్నే అనుమతి అడిగాడు, నేను సరే నొక్కేశాను. ఇంట్లో మళ్ళీ నొక్కాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. అడిగారు, అంతే. అడిగితే సరే అనే మనిషినని వాళ్ళకి తెలుసు కాబట్టే అడిగారు. మేనేజరు మీద రావలసిన కోపం నాకు అప్పుడొచ్చింది, రెండు రోజులు ఆలస్యంగా.

"ఏడుస్తున్నావా?" అన్నారు అత్తయ్య.

"కాలింది కదా, మంట," అన్నాను. "చూడండి, ఆ గళ్ళన్నీ ఇంకా మీ ముందే ఉన్నాయి. సరే అన్నంత మాత్రాన పోలేదు. విండోలకి తలలు పెట్టేది ఏదై ఉంటుందో వెతకండి."

ఒక్కొక్కటీ పైకే చదువుకుంటూ వెతికారు. నా చేతులు తొడల కింద తిమ్మిరెక్కాయి. నాకు ఎక్కడుందో కనబడుతూనే ఉంది, మూడో వరసలో, చెప్పాలని నాలుక పీకుతోంది. పళ్ళు బిగించాను. "విండో అలంకారం... ఇదిగో! దీనికి టిక్కు లేదు. ఇదేనా?" అని నా వంక చూసి, నేను తలాడించకముందే తనే టిక్కు పెట్టేశారు. తలలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. ఆ తర్వాత 'ఊగే విండోలు' దగ్గర మళ్ళీ ప్రశ్న వచ్చింది. ఈసారి కళ్ళజోడు సర్దుకుని, అక్షరం వదలకుండా చదివి, "విండోలు తెర అంచులకి అతుక్కునేది తీసేస్తుందట. నాకది అక్కర్లేదులే," అని అప్పుడు సరే నొక్కారు. ఉత్తరాల విండోని పట్టుకుని లాగారు. అది ఊగింది. "అబ్బ!" అన్నారు. మళ్ళీ లాగారు. చిన్నపిల్లలా ఆ మూలనుంచి ఈ మూలకి లాగుతూనే ఉన్నారు.

నేను నా కంప్యూటర్ తెచ్చుకుని అదే మంచం మీద, ఆవిడ పక్కనే కూర్చుని దరఖాస్తు తెరిచాను. అనుభవం అన్నచోట ముప్పై రెండు మెషీన్లూ రాశాను, ఐదేళ్ళూ రాశాను, నాలుగు నోటుపుస్తకాలూ రాశాను. 'కాస్త' అన్న మాట ఎక్కడా రాయలేదు.

ఐదూ ముప్పావుకి మా ఆయన వచ్చారు. తల్లి తెర చూసి నవ్వి, "ఇదేంటమ్మా ఈ కోతి వేషాలు, మెషీన్ స్లో అయిపోతుంది, ఇటివ్వు తీసేస్తా," అని చెయ్యి చాపారు.

"చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో," అన్నారు అత్తయ్య తల తిప్పకుండా. "ఇక్కడ అదే రూలు."

చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన నా తెర వైపు చూశారు. "అదేంటి, వద్దనుకున్నాం కదా? సరే అన్నావు కూడాను."

"అన్నాను. చదవకుండా నొక్కేశాను. ఇప్పుడు ఆ టిక్కు తీసేస్తున్నాను."

"మరి ఇల్లెవరు చూస్తారు?"

"మీకు చూపిస్తాను. నేను పక్కన కూర్చుంటా, మీరే చేద్దురుగాని," అన్నాను. "ముందు సింకులో మూకుడుంది."

తెర మీద చిన్న పెట్టె వచ్చింది. 'ఈ దరఖాస్తు పంపిన తర్వాత మార్చడానికి వీలుండదు. పంపమంటారా?' ఒకటికి రెండుసార్లు, అక్షరం వదలకుండా చదివాను. అప్పుడు నొక్కాను సరే.