పిల్లికి కట్టని చిక్కం

తర్లగూడలో ఎద్దుకు గజ్జి పట్టినా, బర్రెకు పేలు పట్టినా అందరికీ ముందు గుర్తొచ్చేది రామనర్సయ్యే, అంటే నేనే. గర్వంగానే చెబుతున్నాను. చేసిన పాపమంతా ఆ గర్వంలోంచే వచ్చింది కాబట్టి దాచి లాభం లేదు.

నా మందు పొగాకు కషాయం. కాడలు ఒక రోజు నానబెట్టి, మూడు పొంగులు వచ్చేదాకా కాచి, చల్లార్చి పశువు ఒళ్లంతా పూస్తాను. మూడు పూతలకు గజ్జి రాలిపోతుంది. భూపాలపట్నం సర్కారు కచేరీ బండెద్దులకు కూడా నేనే పూసేవాణ్ణి. పొగాకు గోదావరి అవతల నైజాం ఇలాకా నుంచి పడవలో వచ్చేది. మా ఇల్లు, నా పంచె, చివరికి మంచినీళ్ల కుండ కూడా పొగాకు వాసనే కొట్టేవి.

ఆ మందుకు ఒక నియమం ఉంది. పూత ఆరేదాకా పశువు మూతికి చిక్కం కట్టాలి. దున్నేటప్పుడు ఎద్దు పైరుకు మూతి పెట్టకుండా కడతామే, ఆ తాడు వల. కట్టకపోతే ఎద్దు ఒళ్లు నాక్కుంటుంది, మందు కడుపులోకి పోతుంది, ఇక దాని ఆశ వదులుకోవాల్సిందే. వచ్చిన ప్రతివాడికీ ఈ మాట రెండుసార్లు చెప్పి, మూడోసారి వాడి నోటితోనే చెప్పించుకుని పంపేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

నా భార్య బుల్లమ్మ ఒక బూడిదరంగు పిల్లిని పెంచేది. దాన్ని బూదమ్మ అని పిలిచేది. విత్తనాల గాదె మీద ఎలుక కాలు పెట్టకుండా చూసేది ఆ పిల్లే. ఒక ఏడు చలికాలం చివర్లో దాని చెవుల అంచున పొక్కులు లేచాయి. వారం తిరక్కముందే మెడ మీది వెంట్రుకలు రాలి తోలు చెక్కు కట్టింది. గోక్కుని గోక్కుని నెత్తురు తెచ్చుకునేది.

నా మందు పూస్తానంటే బుల్లమ్మ ఒప్పుకోలేదు. అది ఎడ్లకు సరిపోయే ఘాటు అనీ, ఇది పిడికెడు ప్రాణమనీ అంది. పెరట్లో ఉన్న కానుగ గింజలు దంచి నూనె తీసింది. ఆమెది నూనె చెయ్యి. ఊళ్లో ఏ ఇంట పసిబిడ్డ పుట్టినా ఒంటికి నూనె రాసి నీళ్లు పోయడానికి బుల్లమ్మనే పిలిచేవాళ్లు. ఆ చేత్తోనే పొద్దుగూకే వేళ బూదమ్మను ఒళ్లో పెట్టుకుని వేలికొసతో రాసేది. నా నియమం విని విని ఆమెకు నోటికొచ్చింది కాబోలు, కానుగ చేదు కూడా కడుపులోకి పోకూడదని నూలు దారంతో నిమ్మకాయ పట్టేంత చిక్కం అల్లి దాని మూతికి కట్టేది. నూనె ఆరేదాకా కదలకుండా కూర్చునేది. పిల్లికి చిక్కమేమిటని నేను పగలబడి నవ్వాను.

పదిహేను రోజులకు చెవుల మీద నూగు వచ్చింది. నేను చూశాను. చూసీ ఒప్పుకోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నా పెరట్లో చెట్టే కాదు, నా పెళ్లాం వైద్యం కూడా నాకు ఆనలేదు.

ఇంతలో కచేరీ బండివాడు ఎడ్లను తోలుకొచ్చి, గడప మీద బూదమ్మను చూసి, వైద్యుడి ఇంట్లోనే గజ్జి కాపురముందని నలుగురిలో నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున బుల్లమ్మ విప్పపూలు ఏరడానికి అడవికి వెళ్లింది. నేను బూదమ్మను మెడ పట్టుకుని కషాయం కుండ దగ్గరికి తీసుకెళ్లాను. సగం నీళ్లు కలిపితే చాలనుకున్నాను. తోక దాకా పూసి వదిలేశాను. నూలు చిక్కం నా కళ్లెదుటే చూరుకు వేలాడుతోంది. పిల్లికి చిక్కం కట్టడం నా కంటికి ఆడవాళ్ల ముచ్చటే. బూదమ్మ గాదె కిందికి దూరి ఒళ్లంతా నాక్కుంది.

కాసేపటికి నోట చొంగ కారుతూ బయటికొచ్చింది. నాలుగడుగులు వేసి తూలి పడింది. మజ్జిగ పోశాను, మింగలేదు. కాళ్లు కొట్టుకుంటూనే నా వైపు చూసింది. పొద్దు నడినెత్తికి రాకముందే పోయింది. నాకు ఏడుపొచ్చింది. భయం అంతకంటే ఎక్కువొచ్చింది. దాన్ని నీళ్లతో కడిగి, తుడిచి, గోనెపట్టా మీద పడుకోబెట్టాను.

బుల్లమ్మ విప్పపూల గంప దించి చూసింది. గజ్జి లోపలికి దిగిందేమోనన్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. పిల్లి మూతి తడిమి చూసింది. పొగాకు వాసన ఆమెకు తెలియకుండా ఉండదు, కానీ మా ఇంట్లో ఏది ముట్టుకున్నా ఆ వాసనే.

"నిన్న పొద్దుమీకి అది ఏడుస్తుంటే జాలిపడి చిక్కం జల్ది ఇప్పిన. నూనె ఆరనే లేదు. నేనే సంపుకున్న" అంది.

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది, నేను దాన్ని మింగేశాను. ఇవాళ కాకపోతే రేపు చెబుదామనుకున్నాను.

ఆ నెలలోనే మా పక్కింటి దోర్ల తెగ పిల్ల కమ్లీకి కూతురు పుట్టింది. నూనె రాయడానికి రమ్మంటే బుల్లమ్మ వెళ్లలేదు. తన చేతి నూనె ఎవరికీ పడదంది. తర్వాత ఇంకో ఇంటికీ అదే చెప్పింది. పిలిచి పిలిచి ఊరు పిలవడం మానేసింది. ఎడ్లకు మందు కోసం ఎవరొచ్చినా లోపలి నుంచి ఆమె గొంతు వినిపించేది, ఏడ్చినా చిక్కం విప్పవద్దని. రేపు చెబుదామనుకున్న మాట ఆరేళ్లు నాలోనే మురిగింది.

మొన్న కమ్లీ గజ్జి పట్టిన పిల్లికూనను కొంగులో పెట్టుకొచ్చింది. "నర్సయ్య మామా, నీ మందు కొంచెం పుయ్యి" అంది. పిల్లులకు పూయనన్నాను.

బుల్లమ్మ లోపలికి వెళ్లి కానుగ నూనె బుడ్డి తెచ్చింది. ఆ నూలు చిక్కం కూడా తెచ్చింది. ఆరేళ్లు దాన్ని ఎక్కడ దాచిందో నాకు తెలియదు. రెండూ కమ్లీ చేతిలో పెట్టింది.

"నువ్వే రాసుకో బిడ్డా. నా చేత్తోటి వద్దు. కూన ఏడ్చినా ఇది మాత్రం ఇప్పకు" అంది.

ఇక నా వల్ల కాలేదు. "బుల్లీ, బూదమ్మ నీ నూనెతోటి సావలే. నువ్వు అడవికి పోయినంక నేను పొగాకు మందు పూసిన. చిక్కం కట్టలే" అన్నాను.

కేకలు వేస్తుందనుకున్నాను. వేసినా బాగుండేది.

"ఆరేండ్లు" అంది. "నా చేతులను నేను తిట్టుకుంటుంటే పక్కన కూసొని బువ్వ తిన్నవు."

తర్వాత కమ్లీ దగ్గర కూనను తీసుకుని గడప మీద కూర్చుంది. మూతికి చిక్కం కట్టి, వేలికొస నూనెలో ముంచి చెవుల దగ్గర మొదలుపెట్టింది.

ఇప్పుడు పసిబిడ్డ పుట్టిన ఇంటివాళ్లు మళ్లీ బుల్లమ్మను పిలుస్తున్నారు, ఆమె వెళుతోంది. నాకూ వేళ తప్పకుండా బువ్వ వడ్డిస్తుంది. కంచం నా ముందు పెట్టి తన కంచం పట్టుకుని కమ్లీ వాళ్ల వాకిట్లోకి వెళ్లి తింటుంది.