రాణిగారి అతిథి

లండన్‌లో మా ఈస్టెండ్ పేటలో జైలుకెళ్ళినవాణ్ణి ‘రాణిగారి అతిథి’ అంటారు. ఆల్బీ స్ప్రేక్ ఆ మాటను మరీ మనసుకెక్కించుకున్నాడు.

"రాణిగారి జైళ్ళలో ఏళ్ళ తరబడి తిన్నాను. ఆవిడ పోతే కడసారి చూడ్డానికి వెళ్ళకపోతే నేనూ ఒక మనిషినేనా?" అని పబ్బులో అందరికీ చెప్పి, పెళ్ళినాటి కోటు తొడుక్కుని, తెల్లవారగానే థేమ్స్ నది ఒడ్డున, రాణిగారి శవపేటిక ఉంచిన హాలుకు సాగే క్యూలో నిలబడ్డాడు.

వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే పోలీసు సార్జెంట్ గ్లెండా మడ్జ్. రిటైరైంది, జుట్టు నెరిసింది. చూపు మాత్రం అదే. ఆల్బీని రెండుసార్లు లోపలేసిన చూపు.

"ఏరా ఆల్బీ! జేబులు కొట్టడానికి మంచి చోటే చూసుకున్నావే."

"ఒట్టు సార్జెంటమ్మా, మానేసి చాలాకాలమైంది. వేళ్ళకి కీళ్ళవాతం."

"అయితే ఆ వేళ్ళు నాకు కనబడేట్టు పెట్టు."

మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగుతున్నారు.

"నీకెందుకమ్మా ఈ అవస్థ? టీవీలో చూడొచ్చుగా?"

"ఆవిడ పేరు మీద ప్రమాణం చేసి డ్యూటీలో చేరాను. చెప్పకుండా వెళ్ళిపోతే ఎలారా? ఎదురుగా నిలబడి సెలవు తీసుకోవాలి."

క్యూలో అందరికీ ఓ కాగితపు పట్టీ ఇచ్చారు. అది చేతికి లేకపోతే హాలు గేటు దగ్గర ఆపేస్తారు. చోటు పోయినట్టే. గ్లెండా మణికట్టు వాచి ఉంది, అందుకని పట్టీని వదులుగా వేసుకుంది. టాయిలెట్ల పక్కన కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి తీసి గట్టు మీద పెట్టింది. తల తిప్పేసరికి లేదు.

పాలిపోయిన మొహంతో వచ్చి ఆల్బీ చెయ్యి పట్టుకుంది.

"ఇచ్చెయ్‌రా."

"నేనా? ఇక్కణ్ణుంచి కదిలితే ఒట్టు!"

చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. గ్లెండా చెయ్యి వదిలేసింది. గేటు కనబడుతోంది. మళ్ళీ మొదట్నుంచి నిలబడే ఓపిక ఆ మోకాళ్ళకు లేదు.

ఆల్బీ ముందున్న బూట్లన్నీ చూసుకుంటూ పోయాడు. అన్నీ దుమ్ముకొట్టుకుని, ఈడ్చుకుంటూ నడుస్తున్నవే. ఒక జత తప్ప. అది తళతళలాడుతోంది. పైన ఇత్తడి బొత్తాల కోటు, పొద్దున్న లేని మనిషి.

అతను క్యూ మధ్యలో దూరడం అందరూ చూశారు. మా జనం కదా, ఒకరు దగ్గారు, ఒకరు ఆకాశం వైపు చూశారు, ఒకావిడ ‘చ్చ్’ అంది. అంతకు మించి ఎవరూ నోరెత్తలేదు.

"దొంగతనమంటే ఒక పని. క్యూలో దూరడమేమిటి, ఛీ!" అన్నాడు ఆల్బీ. ముందుకు వెళ్ళి, పట్టీ ఉన్న అతని చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

"క్షమించాలి సార్, మీరు క్యూలోనే ఉన్నారా? ఎంత బాధగా ఉందో సార్! మనందరికీ తల్లి సార్!"

"అవును, అవును... వదులు," అన్నాడతను, ఇబ్బందిగా.

వెనక్కి వస్తూ ఆల్బీ గ్లెండా అరచేతిలో ఏదో పెట్టాడు. కీళ్ళవాతం ఎటు పోయిందో మరి.

గేటు దగ్గర బొత్తాల కోటాయన్ని ఆపారు. అతను వెనక్కి వేలు చూపించి అరిచాడు.

"ఆ ముసలాడు! చెయ్యి ఊపి నా పట్టీ కొట్టేశాడు!"

కానిస్టేబులు ఆల్బీని పక్కకు లాగాడు. పాత రికార్డు ఒక్కసారి తిరగేస్తే చాలు, ఇంటికే.

గ్లెండా ముందుకొచ్చి తన పాత పోలీసు కార్డు తీసింది.

"సార్జెంట్ మడ్జ్, రిటైర్డ్. ఈయన పొద్దుట్నుంచీ నా కళ్ళముందే ఉన్నాడు. ఎవరి వస్తువూ ముట్టుకోలేదు."

బూట్లు తళతళలాడుతూ బయటికి నడిచాయి.

లోపల చీమ చిటుక్కుమనడం లేదు. గ్లెండా శవపేటిక ముందు నిటారుగా నిలబడి, తల వంచింది. పక్కనే ఆల్బీ కూడా వంగాడు.

"భోజనం బాగుండేది కాదమ్మా. అయినా థాంక్స్," అని గొణిగాడు.

బయటికొచ్చాక గ్లెండా కళ్ళు తుడుచుకుంది.

"నీకోసం జీవితంలో మొదటిసారి అబద్ధపు సాక్ష్యం చెప్పాను, ఆల్బీ."

"మొదటిసారా? మరి నా రెండో కేసులో నన్ను లోపలెయ్యడానికి చెప్పిందేమిటి?"

సార్జెంటమ్మ ఖాళీ ఫ్లాస్కు ఆల్బీ చేతిలో పెట్టింది.

"పద. టీ నేను పోయిస్తా."