సోములమ్మ మేడ

సోములమ్మ ఇంటికి సిమెంటు లారీ వచ్చిన రోజున నాకు అన్నం సహించలేదు. ఉన్నమాట చెబుతున్నాను, నవ్వుకుంటే నవ్వుకోండి. ముంచింగిపుట్టు బజార్లో ఎన్నో ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నవాణ్ణి. నూనె మీద పన్ను, సబ్బు మీద పన్ను, ఆఖరికి అగరొత్తుల మీదా పన్ను. కట్టీ కట్టీ నా నడుం వంగిపోతుంటే, ఆ డబ్బంతా పోయి ఎదురు కొండవాలులో సోములమ్మ గోడలై లేస్తుంటే, కడుపు మండదా?

"ఆవిడికి గవర్నమెంటోళ్ళ కాఫీ మొక్కలు ఉత్తినే, మిరియాల పాదులు ఉత్తినే, ఇప్పుడు ఇల్లూ ఉత్తినే. మరి నాకేటండీ?" అన్నాను టీ బడ్డీ దగ్గర జగన్నాథరావు మాస్టారితో. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయనది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. సంత రోజున మా ఇద్దరి గొడవ వినడానికే కొందరు రెండో టీ చెప్పుకుంటారు.

"నీకు రోడ్డెయ్యలేదేట్రా? దాని మీదే కదా నీ సరుకొస్తంది?" అన్నాడాయన.

"రోడ్డు అందరిదీనండి. ఇల్లు ఆవిడొక్కర్తిదీ."

"మీ పార్టీ ఉన్నప్పుడు ఇళ్ళిత్తే పేదోళ్ళ పండగన్నావు. మావోళ్ళిత్తే దుబారా అంటన్నావు. అది నాలికేనేట్రా?"

బడ్డీ అంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అప్పుడిచ్చింది పేదోళ్ళకండి! ఈవిడి కాఫీకి రేటొచ్చింది. చెవులకి కొత్త దుద్దులు సూడండి, తెలుస్తాది" అన్నాను. ఆఖరికి ఆడమనిషి దుద్దుల మీద పడ్డావేట్రా అని మాస్టారు తల కొట్టుకున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఏజెన్సీలో నాలా మైదానం నుంచి వచ్చినవాడి పేరున సెంటు భూమి కూడా రిజిస్టరు కాదు. గిరిజనుల భూమి గిరిజనులకే ఉండాలని చట్టం. అందుకని ఇక్కడి షావుకార్లు చాలామంది చేసేదే నేనూ చేశాను. నా కొట్టున్న స్థలం గిరిజన మనిషైన సోములమ్మది. కొట్టు, దాని మీద కిందటేడు నేను వేసిన మేడ, కరెంటు మీటరు, అన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. మా ఆవిడ భారతి, సోములమ్మ నేస్తం కట్టుకున్నారు. అలా కట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు, మాట తప్పరు. మా వ్యవహారమంతా ఆ మాట మీదే నడుస్తోంది.

ఆ మేడంటే నాకు ప్రాణం. కొట్టు వెనక రేకుల గదిలో ఇన్నేళ్ళు వేసవికి ఉడికి, చలికి వణికి, చివరికి కట్టుకున్నది. ఆషాఢం రాకముందే పాలు పొంగించి పైకి ఎక్కుదామనుకున్నాం. అంత మేడ పెట్టుకుని కూడా నా కళ్ళు ఎదురువాలు మీదే ఉండేవి. ఆమె గోడ ఒక వరస లేస్తే నాకు ఒక పూట నిద్ర పోయేది.

"మన మేడెక్కి నా నేస్తం ఇంటికేసి ఆ సూపేటండీ?" అనేది భారతి.

"నా పన్నే అది. సూసుకుంటాను, నీకేటి?"

పాత ఇల్లున్న చోటే కొత్తది కట్టాలన్నారని సోములమ్మ తన పూరిల్లు పీకేసి, టార్పాలిన్ కింద ఉంటోంది. ఒంటరి మనిషి. గాలి వీస్తే ఆ టార్పాలిన్ చప్పుడు మా కొట్టు దాకా వినిపించేది. అయినా నాకు జాలి పుట్టలేదు. దాని మీద లేవబోయే శ్లాబే కనిపించేది.

గ్రామసభ పెట్టారు. బిల్లులిచ్చే ముందు ఇళ్ళు వచ్చినవాళ్ళ పేర్లు మరోసారి చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు. సోములమ్మ పేరు రాగానే మాస్టారు నా వైపు చూసి మీసాల్లో నవ్వాడు. ఆ నవ్వుకే లేచాను.

"ఉన్నోళ్ళకీ లేనోళ్ళకీ తేడా లేదేటండీ? మా పన్ను డబ్బులివి! సోములమ్మ ఆస్తి ఏటో ఒకసారి సూడండి!"

ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. నేను చూడమన్నాను, చూశారు. సచివాలయం అమ్మాయి పావని ట్యాబ్ మీద వేలు ఆడించి తలెత్తింది. "ఈవిడ పేరు మీద మెయిన్ బజార్లో రెండంతస్తుల పక్కా బిల్డింగ్ ఉందండీ."

నేను కాఫీ తోట అనుకున్నాను, దుద్దులనుకున్నాను. ఆ మేడ నాదేనని నాకెంత అలవాటైపోయిందంటే, సోములమ్మ ఆస్తి అంటే ముందొచ్చేది అదేనన్న ఆలోచనే తట్టలేదు.

"ఆ బిల్డింగ్ నీదేనామ్మా?" అని అడిగింది పావని.

సభలో అందరికీ తెలుసు అది ఎవరిదో. మాస్టారు కూడా నోరు మెదపలేదు. సోములమ్మ నన్ను చూసింది. కాదు, సావుకారిది అని ఒక్క మాటంటే చాలు, నా కొట్టూ పోతుంది, మేడా పోతుంది.

"నాదే" అంది.

"అయితే నీకు ఇల్లు రాదమ్మా. రద్దయిపోతుంది."

నేను ఊపిరి పీల్చుకున్నాను. నా మేడ దక్కింది, ఆమె ఇల్లు ఆగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సాయంత్రం మబ్బు పట్టింది. సోములమ్మ రెండు గిన్నెలు, ఒక దుప్పటి, చుట్టేసిన టార్పాలిన్ పట్టుకుని కొట్టు ముందు నిలబడింది.

"తాళం ఇయ్యి సావుకారూ."

"ఏ తాళం?"

"నా మేడది."

"ఏటి సోములమ్మా, ఏళాకోళమా?"

"ఇల్లుందని సూపించింది నువ్వే. అవునన్నది నేను. ఉన్న ఇంట్లో ఉండకపోతే ఈ వానలో ఎక్కడుంటాను?"

"నా కష్టంతో కట్టుకున్నానే అది!"

"అయితే రేపు పోయి ఆ మాట సెప్పు. నా ఇల్లు నాకొత్తాది. నీ మేడ నీకుంటాదో లేదో వాళ్ళే సెప్తారు."

భారతి మేకుకున్న తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఏటే ఇది, నీకు మతి పోయిందేటి?" అని అరిచాను.

"ఆస్తి సూడమన్నది మీరే కదండీ" అని, దుప్పటి తను అందుకుని నేస్తంతో పాటు మెట్లెక్కింది.

గల్లాపెట్టె దగ్గర కూర్చుండిపోయాను. పైన తలుపు తీశారు, గిన్నెలు దించారు. తరవాత పెద్ద కిటికీ తెరిచారు. కూర్చున్న చోటు నుంచే లోయంతా కనిపించాలని, ఎంత ఖర్చయినా సరే అని పెట్టించుకున్న కిటికీ అది. అందులోంచి ఇంకా నేనే సరిగ్గా చూడలేదు.

"ఎంత బాగా కట్టినావు సావుకారూ!" అంది సోములమ్మ పైనుంచి. ఎత్తిపొడుపు కాదు, మనసారా మెచ్చుకుంది. అదే నేను ఓర్చుకోలేకపోయాను.